ముల్లు మీటర్ల యాంప్లిఫయర్లు ఎందుకు ఆలస్యమవుతున్నాయి?

దసరాకు ఇస్తానన్న ముల్లు మీటర్ల యాంప్లిఫయర్లు, అంటే శబ్దం ఎంత ఉందో ముల్లుతో చూపే వీయూ మీటర్లు బిగించిన సెట్లు, దసరాకు అందవు. సంక్రాంతి లోపు ఇస్తాను. అడ్వాన్సు కట్టిన వారందరికీ ఫోనులో చెప్పాను కానీ, ఫోనులో చెప్పింది ఎప్పుడూ సగమే. ఏళ్ల తరబడి మా దగ్గరే సెట్లు చేయించుకుంటున్న మీకు మిగతా సగం కూడా తెలియాలి.

యాంప్లిఫయర్ లోపం ఏమీ లేదు. బోర్డులు, టొరాయిడల్ ట్రాన్స్‌ఫార్మర్లు, హీట్ సింకులు అన్నీ సిద్ధం. మీకు తెలిసిన సెట్టే: 8 ఓమ్‌ల స్పీకరుకు చానెల్‌కు 50 వాట్లు, అవుట్‌పుట్‌లో 5200, 1943 ట్రాన్సిస్టర్ల జత. ఆగింది మీటర్ల దగ్గరే.

మీటర్లు దిగుమతి చేసే ఒక వ్యాపారి మొదట నమూనాగా ఒక జత పంపాడు. చక్కని జత. ఈ మీటర్లకు 1939లో అమెరికాలో బెల్ ల్యాబ్స్, రేడియో సంస్థలు సీబీఎస్, ఎన్‌బీసీ కలిసి ఒక ప్రమాణం పెట్టుకున్నాయి. స్థిరమైన శబ్దాన్ని ఒక్కసారిగా ఇస్తే ముల్లు 300 మిల్లీసెకన్లలో, డయల్ మీద కుడివైపు ఉండే సున్నా గీతను దాదాపుగా అందుకోవాలి, గీత దాటి ఊగితే ఆ ఊపు ఒకటిన్నర శాతానికి మించకూడదు. ముల్లు కదలిక కంటికి హాయిగా ఉండటానికీ, సంగీతం ఎంత బిగ్గరగా ఉందో చూసి చెప్పగలగడానికీ మూలం ఆ వేగమే. నేను ఫోను కెమెరాను సెకనుకు 240 ఫ్రేముల దగ్గర పెట్టి 1 కిలోహెర్ట్జ్ టోన్ ఇచ్చి చూస్తాను. 72 ఫ్రేములకు ముల్లు చేరితే సరైన మీటరు. నమూనా జత చేరింది. ఆ నమ్మకంతోనే మొత్తం సరుకుకు డబ్బు కట్టాను.

వచ్చిన సరుకు వేరు. డయల్ అదే, అక్షరాలు అవే, అద్దం అదే. లోపల ఉన్నది చిన్న కరెంటును కొలిచే మామూలు డీసీ మైక్రోఅమ్మీటరు. టోన్ ఇవ్వగానే ముల్లు సున్నా దాటి ఎర్ర గీతల్లోకి దూకి, వెనక్కి వచ్చి, మళ్లీ ఊగి, అప్పుడు నిలబడింది. అది కూడా సర్దుకోవచ్చేమో, డ్రైవర్ సర్క్యూట్‌లో కెపాసిటర్ మార్చి కొంత మెత్తబరచవచ్చు. సర్దుకోలేనిది మరొకటి ఉంది. రెండు మీటర్లకు ఒకే సిగ్నల్ ఇస్తే ఎడమది సున్నా మీద నిలబడింది, కుడిది మైనస్ 3 దగ్గర ఆగింది. ప్రీసెట్ (సర్దుబాటు మర) తిప్పి కుడిదాన్ని సున్నాకు తెస్తే, మైనస్ 10 దగ్గర మళ్లీ రెండూ విడిపోయాయి. అంటే డయల్ గీతలకూ ముల్లు నడకకూ పొంతనే లేదు. స్టీరియో సెట్‌లో ఒక స్పీకరు తగ్గి మోగుతోందని మీరు అనుకుంటారు. నా యాంప్లిఫయర్‌నే అనుమానిస్తారు.

ఫోను చేస్తే ఆ వ్యాపారి అన్న మాట ఇది: "పాటకు ముల్లు ఊగితే చాలు కదండీ, ఇంత ఎవరు చూస్తారు?" మా ఖాతాదారులు చూస్తారని చెప్పాను. సరుకు వెనక్కి పంపాను. కట్టిన డబ్బు ఇంకా రాలేదు, వస్తుందన్న ఆశ కూడా తగ్గింది. డబ్బు పోయినందుకు కాదు, ఆ మాటకే నాకు ఇప్పటికీ మనసు రగులుతోంది. ముప్పావు మంది చూడరు కాబట్టి ఎలా చేసినా చెల్లుతుందనుకునే వాడికి, చూసే ఆ పావు మంది కోసమే దుకాణం తెరుచుకుని కూర్చున్నవాళ్లు ఎలా అర్థమవుతారు?

ఇప్పుడు మరొకరి దగ్గర, ఎక్కువ ధరకు, విడివిడిగా తీసుకుని ఒక్కొక్క మీటరునూ పరీక్షించి జతలు కడుతున్నాను. ఆలస్యానికి కారణం ఇదే. "ముల్లు మీటర్లు మానేసి దీపాల మీటర్లు పెట్టేయండి" అని కొందరు సలహా ఇచ్చారు. ఐదు దీపాల బోర్డు హైదరాబాదు కోఠి గుజరాతీ గల్లీలో ఎప్పుడైనా దొరుకుతుంది, కావాలన్న వారికి బిగిస్తాను. కానీ మీరు నన్ను అడిగింది అది కాదు.

ఈ విరామంలో నన్ను మీటర్ల కన్నా ఎక్కువగా సతాయించిన ప్రశ్న, మీటరును ఎక్కడ కలపాలన్నది. వాల్యూమ్ కంట్రోల్‌కు ముందు కలిపితే సౌండు ఎంత తగ్గించినా ముల్లు హుషారుగా ఊగుతుంది. చూడటానికి బాగుంటుంది, దుకాణంలో అమ్మడానికి ఇంకా బాగుంటుంది. కానీ స్పీకరుకు ఏం వెళుతోందో అది చెప్పదు. స్పీకరు అవుట్‌పుట్ దగ్గర కలిపితే నిజం చెబుతుంది, ఆ నిజం చప్పగా ఉంటుంది. 50 వాట్లంటే 8 ఓమ్‌ల మీద 20 వోల్టులు, దాన్ని సున్నా గీత అనుకుందాం. ఇంట్లో మామూలుగా పాట వినేటప్పుడు వెళ్లేది సగటున ఒక వాటు కూడా ఉండదు. ఒక వాటు అంటే 2.83 వోల్టులు, సున్నాకు 17 డెసిబెల్స్ కింద. అక్కడ ముల్లు ఎడమ అంచు వదిలి కాస్త కదులుతుంది, అంతే. అంత డబ్బు పెట్టి కొన్న మీటరు ఊగడం లేదని మీకు కోపం రావడం న్యాయమే.

చాలా రోజులు తేల్చుకోలేకపోయాను. చివరికి అవుట్‌పుట్ దగ్గరే కలిపాను. దానికి తోడు 20 డెసిబెల్స్ స్విచ్ ఒకటి పెట్టాను. స్విచ్ వేస్తే సున్నా గీత అర వాటుకు దిగుతుంది, రాత్రిపూట నెమ్మదిగా ఘంటసాల పాట విన్నా ముల్లు నడుస్తుంది. పండుగ పూట సౌండు పెంచినప్పుడు స్విచ్ తీసేయండి. మరిచిపోయినా ముల్లు కుడి అంచుకు కొట్టుకుని వంగకుండా సర్క్యూట్‌లో పరిమితి పెట్టాను. డయల్ మీద వాట్లు రాయించలేదు, డెసిబెల్సే ఉంటాయి. 4 ఓమ్‌ల స్పీకరు పెడితే అదే వోల్టేజికి వాట్లు రెట్టింపవుతాయి కాబట్టి, వాట్ల అంకెలు వేస్తే అది అబద్ధమవుతుంది.

ముల్లు అందుకోలేని శిఖరాలకు వెలిగే ఎర్ర దీపం కూడా ఒకటి ఉంటుంది. వయొలిన్ నిలిపి వాయించే స్వరాన్ని ముల్లు సరిగానే చూపుతుంది. డోలు దెబ్బ ముల్లు లేచేలోపే అయిపోతుంది, ముల్లు చూపే దానికన్నా అసలు శిఖరం చాలా పైన ఉంటుంది. నాదస్వర కచేరీ పెట్టి ముల్లు సున్నాకు రాలేదు కదా అని సౌండు పెంచుకుంటూ పోతే శబ్దం పగులుతుంది. దీపం వెలిగితే కాస్త తగ్గించండి.

మీటరు వెనక వెలుతురుకు ఎల్ఈడీలే వాడుతున్నాను, పాత బల్బుల వేడికి డయల్ గోధుమ రంగుకు తిరుగుతుంది. ఆ ఎల్ఈడీలకు ట్రాన్స్‌ఫార్మర్‌లో విడిగా వైండింగ్ ఉంది. వాటిని సిగ్నల్ గ్రౌండ్‌తో కలిపితే హమ్ (గుయ్‌మనే శబ్దం) వస్తుంది.

మీలో కొందరు "సెట్ ఇప్పుడే ఇవ్వండి, మీటర్లు తర్వాత బిగిద్దురు" అన్నారు. అది కుదరదు. మూత వేసిన సెట్‌కు తర్వాత ప్యానెల్ కోస్తే అల్యూమినియం రజను బోర్డు మీద రాలుతుంది. ఒక్క నలుసు రెండు ట్రాకుల మధ్య ఇరుక్కున్నా అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పోతాయి. ఎంత అడిగినా ఒప్పుకోను.

బయట కొన్న చిన్న క్లాస్-డి (స్విచింగ్ పద్ధతిలో నడిచే) యాంప్లిఫయర్ బోర్డులకు మీటర్లు బిగించుకుంటున్న వారికి ఒక హెచ్చరిక. వాటిలో చాలావాటికి స్పీకరు రెండు కొనల్లోనూ సిగ్నల్ ఉంటుంది. నల్ల టెర్మినల్ గ్రౌండ్ అనుకుని మీటరు గ్రౌండ్‌ను దానికి కలిపితే బోర్డు మీది ఐసీ చిప్ కాలిపోవచ్చు. నా దగ్గరకు తెండి, సరైన సర్క్యూట్‌తో కలిపి ఇస్తాను.

ధర పెంచడం లేదు. చెప్పిన ధరకే ఇస్తాను, మీటర్ల మీద పడ్డ అదనపు భారం నాదే. ఆగలేని వారికి అడ్వాన్సు పూర్తిగా తిరిగి ఇస్తాను, కారణం అడగను.

విజయవాడ దుకాణంలో సాయంత్రాలు ఒక నమూనా సెట్ నడుస్తూ ఉంటుంది. మీ పాటలు తెచ్చుకుని స్విచ్ వేసీ తీసీ చూడండి. ఆ స్విచ్ ముందు ప్యానెల్ మీద ఉండాలో, వెనక ఉండాలో దీపావళి లోపు చెప్పండి. ఆ తర్వాత ప్యానెళ్లు కోతకు వెళతాయి.