ఓటర్లను మతాల వారీగా లెక్కించడం మానండి

సంపాదకులకు నమస్కారం.

ఎన్నికల మాట వినబడగానే మన పత్రికల్లో నియోజకవర్గాల వారీగా ఒక పట్టిక వస్తుంది. ఫలానా చోట హిందువులు ఇంతమంది, ముస్లింలు ఇంతమంది, క్రైస్తవులు ఇంతమంది, కాబట్టి ఫలానా అభ్యర్థికే మొగ్గు అని అందులో రాస్తారు. అదే పత్రిక మతతత్వాన్ని ఖండిస్తూ సంపాదకీయం కూడా రాస్తుంది. ఈ రెండింటికీ పొంతన కుదరదని చెప్పడానికే ఈ లేఖ.

మతతత్వమంటే భక్తి ముదరడం కాదు. ఫిబ్రవరిలో గుణదల మేరీమాత తిరునాళ్లకు కొబ్బరికాయ పట్టుకుని వెళ్లే హిందూ గృహిణిలో గాని, ఐదు పూటలా నమాజు తప్పని పెద్దమనిషిలో గాని అది ఉండనక్కరలేదు; ఏనాడూ గుడి మెట్లెక్కని నాయకుడిలో నిండుగా ఉండవచ్చు. ఒక మతంలో పుట్టినవారందరికీ కూలిలో, పంట ధరలో, ఉద్యోగాల్లో ఒకటే ప్రయోజనం ఉంటుందని, పక్క మతంవారు దానికి అడ్డమని నమ్మించడమే దాని అసలు పని. కొట్లాటలు ఆ తర్వాతి సంగతి.

ఈ నమ్మకం ఎంత డొల్లో గుంటూరు మిర్చి యార్డులో నిలబడితే తెలుస్తుంది. 2025లో ధర పడిపోయి, కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చినప్పుడు, ఆ దెబ్బ మిర్చి వేసిన ప్రతి రైతుకూ తగిలింది. రైతూ, కమీషన్ ఏజెంటూ ఒకే దేవుడికి మొక్కేవారే కావచ్చు, కాని తూకంలో తరుగు తీసే దగ్గర ఇద్దరి లెక్కలూ వేరు. టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే హమాలీలు రేటు పెంచమని అడిగితే ఎవరి మతం వారికి విడిగా పెంచరు.

1909 మింటో–మార్లే సంస్కరణలు ముస్లింలకు వారు మాత్రమే ఓటు వేసే ప్రత్యేక నియోజకవర్గాలు ఇచ్చి, సొంత మతంవారిని మెప్పిస్తే చాలు, పక్కవాడి గడప తొక్కనక్కరలేదన్న రాజకీయానికి చట్టబద్ధత కల్పించాయి. రాజ్యాంగంలోని 325వ అధికరణ దాన్ని తోసిపుచ్చి, నియోజకవర్గానికి అందరికీ కలిపి ఒకటే ఓటర్ల జాబితా అన్నది. జాబితాను ఒకటి చేసింది రాజ్యాంగం. దాన్ని మళ్లీ ముక్కలు చేసి చూపుతున్నవి మన పట్టికలు.

అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరుతో ఓటు అడిగినా అది ఎన్నికల అక్రమమేనని 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురు సభ్యుల ధర్మాసనం 4–3 మెజారిటీతో తీర్పు చెప్పింది. ఒక వర్గం ఎదుర్కొనే వివక్షను ఎన్నికల్లో ప్రస్తావించడాన్ని ఆపకూడదన్న మిగతా ముగ్గురి వాదనలోనూ పస ఉన్నదని నా అభిప్రాయం. అయితే పేరు చూసి ఇల్లు అద్దెకివ్వని యజమాని గురించి రాయడం వేరు, తలకాయలు లెక్కగట్టి ఎవరికి పడతాయో జోస్యం చెప్పడం వేరు. మొదటిది పత్రిక చేయవలసిన పనే.

అందుచేత రాబోయే ఎన్నికల్లో ఆ పట్టికను తీసేసి, ఆ నియోజకవర్గంలో కౌలు రైతులు ఎందరు, పట్టా లేని ఇళ్లు ఎన్ని, కుళాయి నీరు రాని వీధులు ఏవి అన్న వివరాలు అచ్చు వేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
బ్రాడీపేట, గుంటూరు