శ్రీశైలం కాలిబాటలో గుక్కెడు నీళ్ళు ఇప్పించండి: అటవీ శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రివర్యులకు నమస్కారాలు.

వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాస ద్వారం మీదుగా మల్లన్న సన్నిధికి చేరే నల్లమల కాలిబాట గురించి ఈ ఉత్తరం. ఆ దారి గురించి మీకు వివరించనక్కరలేదు. ఏటా శివరాత్రికి ముందు, ఉగాదికి ముందు జరిగే సమీక్షల్లో దాని ప్రస్తావన వస్తూనే ఉంటుంది. నడిచి వచ్చే భక్తులకు అన్ని ఏర్పాట్లూ పూర్తయ్యాయన్న ప్రకటన కూడా వస్తుంది. ఆ ప్రకటనను నమ్మి అడవిలోకి అడుగుపెట్టిన వాళ్ళకు ఏం జరుగుతోందో మీ దాకా రావడం లేదు. వచ్చి ఉంటే ఈపాటికి మీరు ఊరుకునేవారు కాదని నా నమ్మకం. ఆ నమ్మకంతోనే ఇలా అందరి ముందూ రాస్తున్నాను.

అందరి ముందూ రాయడం నాకు ఇష్టమై కాదు. ముందు అర్జీలే పెట్టుకున్నాం. మా ఊరి వాళ్ళం, పక్క ఊళ్ళ శివదీక్ష స్వాములం సంతకాలు చేసి ఇచ్చాం. ఒక కార్యాలయంలో భక్తుల సౌకర్యాలు తమ పని కాదన్నారు. రెండో చోటికి వెళితే అడవి లోపల ఏం చేయాలన్నా అనుమతి కావాలి, అది తమ చేతుల్లో లేదన్నారు. మూడో చోట అర్జీ తీసుకుని ముద్ర వేసి రసీదు ఇచ్చారు. ఆ రసీదులు మా దగ్గర భద్రంగా ఉన్నాయి, జవాబు మాత్రం ఒక్కటీ లేదు. ఒక అధికారి అయితే మా ముఖం కూడా చూడకుండా, "అంత ఇబ్బందిగా ఉంటే దోర్నాల మీదుగా బస్సులో వెళ్ళవచ్చు కదమ్మా" అన్నారు. ఆ మాట ఇప్పటికీ నా గుండెల్లో ముల్లులా ఉంది. బీజాపూర్ నుంచో, బాగల్‌కోట్ నుంచో వారాల తరబడి నడిచి వచ్చిన మనిషితో చివరి మజిలీలో బస్సు ఎక్కమని ఎలా అంటారండీ? వాళ్ళకు భ్రమరాంబ తమ ఇంటి ఆడపడుచు, మల్లయ్య అల్లుడు. కూతురి ఇంటికి పసుపు కుంకుమలు, చీర సారెలు మోసుకుని నడిచి వస్తున్నారు. అది వాళ్ళ మొక్కు. కొందరు కర్రలతో చేసిన మరగాళ్ళ మీద నిలబడి ఈ కొండలు దాటుతారు. అలాంటి వాళ్ళకు మనం చేయగలిగిన మర్యాద తాగడానికి నీళ్ళివ్వడం. అదే జరగడం లేదు.

అసలు సంగతికి వస్తాను. మొన్నటి ఉగాదికి మేం బయలుదేరినప్పుడు అడవి మొదట్లోనే సంచులు వెతికారు. ప్లాస్టిక్ సీసాలన్నీ తీసుకున్నారు. అందుకు నేను తప్పు పట్టడం లేదు, ఇది మీరు గమనించాలి. ఇది పులుల అడవి. 1983లోనే టైగర్ ప్రాజెక్టు కిందికి వచ్చింది, విస్తీర్ణంలో దేశంలోని పులుల అభయారణ్యాలన్నిటికంటే పెద్దది. మనం పారేసిన కవర్లు, సీసాలు దుప్పుల కడుపుల్లోకి పోకూడదు. తీసుకోవలసిందే. కానీ తీసుకున్న చేతితోనే నీళ్ళు ఎక్కడ దొరుకుతాయో చూపించాలి కదా! అడిగితే, "దారి పొడవునా డ్రమ్ములు పెట్టించాం, భయపడకండి" అన్నారు. మా అత్తగారు ముందుచూపుతో తెచ్చుకున్న చిన్న స్టీలు డబ్బా ఒక్కటే మాకు మిగిలింది.

నాగలూటి దాకా ఫరవాలేదు. వీరభద్రస్వామి గుడి దగ్గర దాతలు అన్నదానం చేస్తారు, మజ్జిగ పోస్తారు, పుచ్చకాయ ముక్కలు ఇస్తారు. వాళ్ళు పుణ్యాత్ములు, వాళ్ళకు దండం. పెచ్చెరువు దగ్గరా శిబిరాలు ఉంటాయి. వాహనం చేరే చోటల్లా ఎవరో ఒక దాత చేరుతున్నాడు. వాహనం చేరని చోటే మనిషి గొంతు ఎండుతోంది. పెచ్చెరువు దాటి మఠం బావి వైపు, అక్కడి నుంచి భీముని కొలనులోకి దిగే మెట్లు, మళ్ళీ కైలాస ద్వారం దాకా ఎక్కే మెట్లు. ఈ ఒక్క భాగం గురించే, మంత్రిగారూ, నా గోడు అంతా.

పెచ్చెరువు తరువాత మాకు కనబడిన మొదటి డ్రమ్ము ఖాళీ. రెండోది పక్కకు పడి ఉంది, మూత లేదు. మూడో దాంట్లో అడుగున కాసిని నీళ్ళు ఉన్నాయి, వాటిలో ఆకులు, పురుగులు. ఆ నీళ్ళను కూడా పై పంచెతో వడగట్టుకుని తాగుతున్నారు. ఉగాది నాటికి నల్లమల ఎలా ఉంటుందో మీరు చూసే ఉంటారు. మద్ది, తునికి, వెదురు, ఏ చెట్టుకూ ఆకు నిలవదు. నీడ ఉండదు. రాయి కాలుతూ ఉంటుంది. మాలో చాలామంది చెప్పులు లేకుండా నడిచేవాళ్ళం. మిట్టమధ్యాహ్నం ఆ లోయలో గాలి కూడా ఆడదు. రెండు వైపులా కొండ, మధ్యలో మెట్లు, మెట్ల నిండా మనుషులు. కూర్చుందామంటే వెనుక వాళ్ళకు దారి అడ్డం.

అక్కడ ఒక పెద్దావిడ కూలబడిపోయింది. కన్నడం మాట్లాడుతోంది, వెంట మనవడు ఉన్నాడు. ఆవిడకు చెమట కూడా ఆగిపోయింది, ఒళ్ళు కాలిపోతోంది. మా అత్తగారి డబ్బాలో మిగిలినవి కొన్ని గుక్కలు. అవి ఆవిడ నోట్లో పోశాం. చాలవని మాకు తెలుసు, ఆవిడకూ తెలుసు. మనవడు పైకి పరుగెత్తాడు, కిందికి పరుగెత్తాడు. నీళ్ళు తెచ్చిన వాడు చివరికి ఒక చెంచు యువకుడు. గూడెం వాళ్ళు తాగే నీళ్ళ నుంచి క్యానులో పట్టుకుని భుజాన మోసుకొస్తున్నాడు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ కూలి ఇవ్వలేదు. "పొద్దున్నుంచి ఇలాగే మోస్తున్నా, ఎంతమందికని పోయను" అన్నాడు. ఆవిడ ఒక గంటకు తేరుకుంది. లేచి మళ్ళీ మెట్లు ఎక్కింది. మేం డబ్బులు ఇవ్వబోతే అతను తీసుకోలేదు.

ఆ యువకుడు చేసిన పని ఎవరు చేయవలసిందో మీరే చెప్పండి.

ఆ రోజు మేం చూసింది ఒక్క పెద్దావిడను. మా ముందు ఎందరు అలా పడ్డారో, మా వెనుక ఎందరు పడ్డారో నాకు తెలియదు. నీళ్ళు తక్కువ తాగితే దారిలో ఇబ్బంది ఉండదని ఆడవాళ్ళం ముందే నోరు కట్టుకుని నడుస్తాం, ఎందుకంటే మరుగు కూడా ఉండదు. అది ఇంకో పెద్ద కథ. ఈ ఉత్తరంలో దాన్ని తేవడం లేదు. ఒక్క నీళ్ళ విషయమైనా మీ చెవిన పడితే చాలు.

డ్రమ్ములు పెట్టలేదని నేను అనడం లేదు. పెట్టారు, కళ్ళారా చూశాం. పెట్టిన రోజున ఫొటోలు తీశారు, అవి పత్రికల్లో వచ్చాయి. ఒకసారి నింపిన డ్రమ్ము ఎంతమందికి వస్తుంది? ఉగాదికి రోజుల ముందు నుంచే జనం మొదలవుతారు, పగలూ రాత్రీ తెగకుండా నడుస్తూనే ఉంటారు. ఉదయం నింపింది పదింటికల్లా అయిపోతే మధ్యాహ్నం నడిచేవాడి గతి ఏమిటి? మళ్ళీ ఎవరు నింపాలి? ఎక్కడి నుంచి తేవాలి? ఈ ప్రశ్నకు ఏ కార్యాలయంలోనూ సమాధానం లేదు. డ్రమ్ము పెట్టే బాధ్యత ఒకరిది, నింపే బాధ్యత ఇంకొకరిది, ఖాళీ అయితే చూసే బాధ్యత ఎవరిదీ కాదు.

పూర్వం ఈ దారి వేసిన వాళ్ళు మనకంటే ఎక్కువ ఆలోచించారని నాకు అనిపిస్తుంది. శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించిన ఘనత పద్నాలుగో శతాబ్దపు ప్రోలయ వేమారెడ్డిదని చరిత్ర చెబుతుంది. ఇప్పటికీ మా కాళ్ళ కింద ఉన్నది ఆ రెడ్డిరాజుల కాలం నాటి రాతి మెట్లే. దారిలో మజిలీలు చూడండి: పెచ్చెరువు దగ్గర చెరువు, మఠం దగ్గర బావి, లోయలో కొలను. ఎక్కడ నీరుందో అక్కడ ఆగేలా బాట నడిచింది. కన్నడ శివభక్త కవయిత్రి అక్కమహాదేవి శ్రీశైలం దగ్గరి కదళీవనానికి వచ్చిన పన్నెండో శతాబ్దంలోనూ యాత్రికులు ఈ కొండల్లో నీటిని వెతుక్కునే నడిచి ఉంటారు. మోటార్లు, ట్యాంకర్లు, సోలార్ పంపులు ఉన్న రోజుల్లో మనం ఆ మాత్రం చేయలేమా?

అడవి కాబట్టి కుదరదంటారు. ఆ మాట నేను ఒప్పుకోలేను. కేరళలో ఎరుమేలి నుంచి కరిమల మీదుగా పంబకు వెళ్ళే పెద్దపాదం దారి పెరియార్ పులుల అభయారణ్యంలోంచే పోతుంది. మన తెలుగు అయ్యప్పలు ఏటా వేల మంది ఆ దారిన నడుస్తున్నారు, వాళ్ళను అడగండి. అక్కడ అటవీ శాఖ స్థానిక గిరిజనులతో, అడవి అంచు ఊళ్ళ వాళ్ళతో సంఘాలు పెట్టించింది. దారిలో దుకాణాలు, తాగే నీళ్ళు వాళ్ళే చూసుకుంటారు. వాళ్ళకు నాలుగు రూపాయలు వస్తాయి, యాత్రికుడికి దాహం తీరుతుంది, అడవికి కాపలా ఉంటుంది. ఏనుగులు తిరిగే అడవిలో అది సాధ్యమైతే నల్లమలలో ఎందుకు కాదు?

మన దగ్గరా మనుషులు ఉన్నారు. చెంచు యువకులను రక్షణ సిబ్బందిగా మీ శాఖే పనిలో పెట్టుకుంటోంది. పులి అడుగును చూసి అది ఎటు పోయిందో చెప్పగల వాళ్ళు, ఏ వాగులో ఏ నెల దాకా నీరు నిలుస్తుందో తెలిసిన వాళ్ళు. ఆ సీజను రోజుల్లో పెచ్చెరువుకూ కైలాస ద్వారానికీ మధ్య నీళ్ళ పని వాళ్ళకు అప్పగించండి. ఊరికే కాదు, న్యాయమైన కూలి ఇచ్చి. మల్లన్న చెంచుల అల్లుడు కూడా, ఆ గుడికి వెళ్ళే దారిలో వాళ్ళకు గౌరవమైన పని దొరకడం కంటే సరైనది ఏముంటుంది?

మీ శాఖ వేసవిలో జంతువుల కోసం సాసర్ గుంటలు, అంటే పళ్ళెం ఆకారపు నీటి తొట్లు, నింపుతుంది. మంచి పని, అది ఆగకూడదు. కానీ దారిలో నీళ్ళు లేకపోతే దాహంతో ఉన్న జనం ఎక్కడికి పోతారు? దారి తప్పి ఆ గుంటల దగ్గరికే పోతారు. ముంచుకుంటారు, కాళ్ళు కడుగుతారు, అక్కడే చెత్త వేస్తారు. ఆ రాత్రి నీటికి వచ్చిన దుప్పి ఏం తాగాలి? దాని వెనుక వచ్చే పులికి మనిషి ఎదురుపడితే ఎవరి ప్రాణం పోవాలి? బాట మీద నీళ్ళు పెట్టడం అడవికి చేసే మేలే. దయచేసి దీన్ని భక్తుల గొంతెమ్మ కోరికగా చూడవద్దు.

మేం రోడ్డు అడగడం లేదు. వద్దే వద్దు. ఆ మెట్లను సిమెంటుతో కప్పమనీ, దీపాలు పెట్టమనీ, హోటళ్ళు కట్టమనీ అడగడం లేదు. అలిపిరి మెట్ల దారిలా పైకప్పు కావాలనడం లేదు. 2023లో అలిపిరి దారిలో చిరుత దాడిలో ఆరేళ్ళ పాప చనిపోయాక పిల్లలకు సమయ నిబంధనలు పెట్టారు, భక్తుల చేతికి కర్రలు ఇచ్చారు. ఇక్కడ ఎవరో ఒకరు మెట్ల మీద ప్రాణం వదిలిన తరువాతే కదలాలా? అంతదాకా ఆగవద్దని చేతులు జోడించి వేడుకుంటున్నాను.

సీసాలు తీసుకోండి, కానీ బదులుగా స్టీలు సీసానో, మట్టి కూజానో డిపాజిట్ కట్టించుకుని ఇవ్వండి, శ్రీశైలంలో తిరిగి తీసుకోండి. లేదంటే ఇంటి నుంచే లోహపు పాత్రలు తెచ్చుకోమని కన్నడంలో, తెలుగులో, మరాఠీలో ముందుగా ప్రకటించండి. రాయచూరు, కర్నూలు మీదుగా వచ్చే వాళ్ళకు దారి పొడవునా బోర్డులు పెట్టించండి. అడవి అంచుకు వచ్చాక చెబితే పేదవాడు ఏం చేస్తాడు? డ్రమ్ము ఉన్న ప్రతి చోటా ఒక మనిషి ఉండాలి. అది ఖాళీ కాకముందే నిండాలి. మెట్ల దగ్గర ఒక వైద్య సిబ్బంది, ఓఆర్‌ఎస్ పొట్లాలు ఉండాలి. ఇవన్నీ ఒకేసారి కుదరకపోతే నీళ్ళైనా, నీళ్ళు మాత్రమైనా చూడండి.

అన్నిటికంటే ముందు, ఈ భాగంలో నీళ్ళు ఎవరి బాధ్యతో కాగితం మీద రాసి ఇవ్వండి. అధికారి పేరు, ఫోను నంబరు పెచ్చెరువు దగ్గర బోర్డు మీద రాయించండి. అలా రాస్తే మళ్ళీ మేం మూడు కార్యాలయాల చుట్టూ తిరగనక్కరలేదు, మిమ్మల్ని ఇలా వీధిలో నిలబడి పిలవనక్కరలేదు. సమీక్షకు వచ్చినప్పుడు ఒక్కసారి మీరు గాని, మీ తరఫున బాధ్యత గల అధికారి గాని వాహనం దిగి, ఎండ వేళ, పెచ్చెరువు నుంచి కైలాస ద్వారం దాకా నడవండి. మాతో నడవండి. మా అత్తగారు వస్తారు, నేను వస్తాను, చెంచుగూడెం నుంచి కూడా వస్తారు.

శివరాత్రి సమీక్ష జరిగే లోపు నీళ్ళ బాధ్యత ఎవరిదో చెప్పే ఉత్తర్వు వస్తుందని ఎదురుచూస్తాం. రాకపోతే ఈ ఉత్తరాన్నే మళ్ళీ అర్జీగా రాసి, మళ్ళీ సంతకాలు చేయించి తెస్తాం.

ఇట్లు,
భవదీయురాలు,
నల్లమల దారిన నడిచే ఒక భక్తురాలు,
నంద్యాల జిల్లా