సంఖ్యలే లెక్కా?

ఎడిటర్ గారికి నమస్కారం. విదేశాల్లో మిషనరీల పని గురించి ఎవరు రాసినా ఎంతమందికి బాప్తిస్మం ఇచ్చారు, ఎన్ని చర్చిలు కట్టారు అన్న లెక్కలే ఉంటాయి, మధ్యలో వాళ్లు బతికిన రోజులు ఎక్కడా కనపడవు. బర్మా వెళ్లిన అమెరికా మిషనరీ అడొనైరమ్ జడ్సన్‌నే చూడండి. 1813లో రంగూన్ చేరాడు, మొదటి బర్మీయుడికి బాప్తిస్మం ఇచ్చింది 1819లో. మధ్యలో ఆరేళ్లు! ఏం చేశాడంటే చాలావరకు భాష నేర్చుకోవడమే, అదీ పక్కన గురువుని కూర్చోబెట్టుకుని, అక్షరం దగ్గర్నుంచి. 1824లో ఇంగ్లీషువాళ్లతో యుద్ధం రాగానే ఈ అమెరికావాడిని కూడా గూఢచారి అని జైల్లో వేశారు. అప్పుడు భార్య ఆన్ అధికారుల చుట్టూ తిరుగుతూ, జైలుకి అన్నం చేరవేస్తూ, చంటిబిడ్డని చంకనేసుకుని తిరిగింది, 1826లో జ్వరంతో పోయింది. నన్నడిగితే ఆ కథలో అసలు మనిషి ఆవిడే. బర్మా భాషలో బైబిల్ అనువాదం 1834కి గానీ పూర్తి కాలేదు. మతం మార్చడం తప్పా ఒప్పా అని వాదించుకోండి, నాకూ కొన్ని అభ్యంతరాలున్నాయి, కానీ ఈసారి వ్యాసం వేసేటప్పుడు ఆ ఆరేళ్ల గురించి కూడా నాలుగు లైన్లు వేయండి సార్.

– ఒక పాఠకుడు