రన్‌వే పొడవు ఒక్కటే కాపాడదు

సంపాదకుల వారికి,

2023 సెప్టెంబరు 14న విశాఖపట్నం నుంచి వెళ్లిన లియర్‌జెట్ 45 చార్టర్ విమానం భారీ వర్షంలో ముంబయిలో దిగుతూ రన్‌వే పక్కకు జారిపోయింది. అందులోని ఎనిమిది మందీ ప్రాణాలతో బయటపడటంతో ఆ వార్త తొందరగానే మరుగున పడింది. చిన్న విమానం రన్‌వే దాటిపోయిన ప్రతిసారీ వర్షాన్నో, రన్‌వే పొడవునో తప్పుపట్టి ఊరుకోవడం మనకు అలవాటైపోయింది గానీ, అమెరికాలో జరిగిన దర్యాప్తులు చదివితే తప్పు తరచూ విమానం కదలకముందే మొదలవుతుందని అర్థమవుతుంది.

2008 సెప్టెంబరు 19న సౌత్ కరోలినాలోని కొలంబియాలో టేకాఫ్ తీసుకుంటున్న లియర్‌జెట్ 60 టైర్లు పేలిపోగా, ఆపడానికి వీలైన వేగం దాటాక కెప్టెన్ ఆపబోయారు. దాదాపు 8,600 అడుగుల రన్‌వే కూడా చాలక విమానం బయటికి దూసుకుపోయి తగలబడింది, నలుగురు మరణించారు. ఆ టైర్లలో గాలిని సుమారు మూడు వారాలుగా ఎవరూ చూడలేదని తేలింది. మన లారీ డ్రైవరైనా బండి తీసే ముందు టైరు తట్టి చూస్తాడు.

2014 మే 31న మసాచుసెట్స్‌లోని బెడ్‌ఫర్డ్‌లో ఏడుగురిని బలిగొన్న గల్ఫ్‌స్ట్రీమ్ ప్రమాదం ఇంకా విస్తుగొలుపుతుంది. నిలిపి ఉంచిన విమానం కంట్రోళ్లు గాలికి కొట్టుకోకుండా వేసే లాక్‌ను తీయకుండానే ఆ పైలట్లు టేకాఫ్‌కు పరుగు మొదలుపెట్టారు. అంతకుముందరి 175 టేకాఫ్‌లలో 98 శాతం సార్లు కంట్రోళ్లను పూర్తిగా సరిచూడలేదని రికార్డుల్లో బయటపడింది. కాబట్టి అది ఆ ఒక్క రాత్రి మతిమరుపు కాదు, ఎవరూ అడగకపోవడం వల్ల స్థిరపడిన పద్ధతి.

రన్‌వే అవతల ఏముందన్నదీ ముఖ్యమే. న్యూజెర్సీలోని టెటర్‌బరోలో 2005లో ఒక జెట్ రన్‌వే దాటి, రోడ్డు మీదుగా వెళ్లి గోదామును ఢీకొంది. ఆ తర్వాత అక్కడ చక్రాలు కూరుకుపోయేలా తేలికపాటి కాంక్రీటు దిమ్మెలు పరిచారు. 2010లో హద్దు దాటిన మరో జెట్‌ను అవే ఆపాయి.

కుప్పం, దగదర్తి, మామునూరు వంటి చోట్ల విమానాశ్రయాల ప్రతిపాదనలు నడుస్తున్న ఈ సమయంలో రన్‌వే చివర్లలో తగినంత ఖాళీ స్థలాన్ని, అది కుదరని చోట ఇటువంటి దిమ్మెలను నిర్మాణ దశలోనే చేర్చాలి. అంతకన్నా ముందుగా, చార్టర్ సంస్థల విమానాల్లో టైర్ల తనిఖీ, టేకాఫ్‌కు ముందు కంట్రోళ్ల పరీక్ష నిజంగా జరుగుతున్నాయో లేదో పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ కాగితాల మీద కాక ఫ్లైట్ రికార్డర్ల డేటాతో సరిచూడాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, విశాఖపట్నం