గిటార్ కథ డెబ్భైలతో ఆగిపోలేదు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం అనుబంధంలో గొప్ప రాక్ గిటారిస్టుల మీద మీరు వేసిన వ్యాసం చదివాను. హెండ్రిక్స్, క్లాప్టన్, జిమ్మీ పేజ్, డేవిడ్ గిల్మోర్... ఒక్క పేరు మీదా నాకు పేచీ లేదు, వాళ్లే లేకపోతే నాలాంటివాళ్లు గిటార్ ముట్టుకునేవాళ్లే కాదు. నా బాధల్లా ఒకటే, వ్యాసం 1970ల దగ్గరే ఆగిపోయింది, ఆ తర్వాత చెప్పుకోదగ్గవాళ్లెవరూ రాలేదన్నట్టు ముగిసింది. ఇది మీ పత్రిక ఒక్కటే చేసిన పని కాదు, ఈ విషయం మీద చాలామంది రాసేది ఇదే వరస. ఇప్పుడు గిటార్ క్లాసుకు వెళ్తున్న పదిహేనేళ్ల పిల్లాడో పిల్లో అది చదివితే, కొత్తగా వాయించడానికి ఇంకేం మిగల్లేదు కాబోలు అనుకుంటారు. అందుకే ఈ ఉత్తరం.

ముందు నాకు అందరికంటే ఇష్టమైనవాడి గురించి చెబుతాను. కిమ్ థాయిల్. సౌండ్‌గార్డెన్ అనే అమెరికా రాక్ బ్యాండ్ గిటారిస్టు. తల్లిదండ్రులు మన పక్కనున్న కేరళ నుంచి అమెరికా వెళ్లినవాళ్లు, ఆయన 1960లో సియాటిల్‌లో పుట్టాడు. సియాటిల్‌లో పుట్టిన గ్రంజ్ అనే రాక్ శైలి అనగానే అందరూ కర్ట్ కొబేన్ పేరే చెబుతారు, చెప్పాలి కూడా, కానీ ఆయన బ్యాండ్ నిర్వాణ ఆల్బమ్ 'నెవర్‌మైండ్' 1991లో వచ్చింది, సౌండ్‌గార్డెన్ 1984లోనే మొదలైంది. థాయిల్ వాయింపులో వేగం గొప్ప కాదు, బరువు గొప్ప. గిటార్లో అన్నిటికంటే మందపు తీగ మామూలుగా 'ఇ' అనే స్వరంలో ఉంటుంది, దాన్ని ఒక టోన్ (పూర్తి మెట్టు) దించి 'డి' స్వరానికి తెస్తారు. అలా దించితే అన్నిటికంటే మందంగా ఉండే మూడు తీగల మీద ఒక్క వేలు అడ్డంగా పెట్టినా పవర్ కార్డ్, అంటే రాక్‌లో వాడే బరువైన జంట స్వరం, పలుకుతుంది, ఆ వేలిని జరుపుకుంటూ పోతే చాలు, గోడలు అదిరే రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న గిటార్ వరస) వస్తుంది. ఈ ట్యూనింగ్ ఆయన కనిపెట్టింది కాదు గానీ దానికి అంత చీకటి, అంత మత్తు తెచ్చినవాళ్లు తక్కువ. పైగా లెక్క. 'అవుట్‌షైన్డ్', 'స్పూన్‌మ్యాన్' పాటల రిఫ్‌లు ఏడు లెక్కలో నడుస్తాయి. రాక్ వినేవాళ్లంతా నాలుగుకు తల ఊపడం అలవాటైనవాళ్లు, మనకు ఏడు లెక్కల మిశ్రచాపు తాళం చిన్నప్పటినుంచీ చెవిలో ఉంది కాబట్టి ఆ ఏడు ఇట్టే పట్టుబడుతుంది, ఒకసారి చేత్తో తాళం వేసుకుంటూ వినండి. 2003లో రోలింగ్ స్టోన్ పత్రిక వందమంది గొప్ప గిటారిస్టుల జాబితా వేసినప్పుడు ఆయనకు నూరో స్థానం ఇచ్చింది, అది చాలా తక్కువని నా అభిప్రాయం. 2025లో సౌండ్‌గార్డెన్‌ను రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. మలయాళీ దంపతుల కొడుకు అంత దూరం వెళ్తే మన తెలుగు పత్రికల్లో నాకు ఒక్క ముక్క కనబడలేదు.

ఇక టామ్ మొరెల్లో. హార్వర్డ్‌లో డిగ్రీ చేసి 1986లో బయటికొచ్చినవాడు, లాస్ ఏంజెలిస్‌లో 1991లో రేజ్ అగెయిన్‌స్ట్ ద మెషీన్ అనే బ్యాండ్ పెట్టాడు. మరుసటి ఏడాది వచ్చిన వాళ్ల మొదటి ఆల్బమ్ మీద, ఇందులో శాంపిళ్లు (వేరే రికార్డుల నుంచి తీసిన శబ్దపు ముక్కలు), కీబోర్డులు, సింథసైజర్లు వాడలేదు అని అచ్చువేశారు. ఎందుకు వేయాల్సి వచ్చిందో వింటే తెలుస్తుంది, గిటార్ ఇలా పలుకుతుందంటే ఎవరూ నమ్మరు. ఆయన చేసేది చూడటానికి చాలా సింపుల్. ఆయన ఎలక్ట్రిక్ గిటార్లో రెండు పికప్‌లు (తీగల కదలికను అందుకునే అయస్కాంతాలు) ఉంటాయి, ఒకదాని వాల్యూమ్ పూర్తిగా సున్నా చేస్తాడు, రెండోది ఫుల్. ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చే స్విచ్‌ని టకటకా కొడుతుంటే శబ్దం తెగుతూ వస్తూ ఉంటుంది. 'బుల్స్ ఆన్ పరేడ్' సోలోలో ఒక చేత్తో స్విచ్ కొడుతూ రెండో చేత్తో తీగల్ని పికప్‌ల మీద రుద్దుతాడు, అచ్చం డీజే రికార్డు గీకినట్టే ఉంటుంది. ఖరీదైన సామాను అక్కర్లేదు, రెండు వాల్యూమ్ నాబులు, ఒక స్విచ్ ఉన్న గిటార్ ఏదైనా సరే, మీ ఇంట్లో పిల్లలు ఈ సాయంత్రమే ప్రయత్నించొచ్చు.

వామీ పెడల్ అని ఒకటుంది, 1989లో వచ్చింది. కాలితో తొక్కితే స్వరం పైకి పోతుంది, మరో రకంగా సెట్ చేస్తే కిందికి దిగుతుంది. మొరెల్లో దాంతో గిటార్‌ని ఈల వేయించాడు. రేడియోహెడ్ బ్యాండ్‌లో జానీ గ్రీన్‌వుడ్ 1995 నాటి 'ది బెండ్స్' ఆల్బమ్‌లో అదే పెడల్‌ని పిచ్చెత్తినట్టు వాడాడు. వైట్ స్ట్రైప్స్ బ్యాండ్ జాక్ వైట్ దాంతో స్వరాన్ని ఒక ఆక్టేవ్ (ఒక పూర్తి స్థాయి) కిందికి దించి 2003లో 'సెవెన్ నేషన్ ఆర్మీ' వాయించాడు. ఆ రిఫ్ మీరు విన్నారు, ఎవరిదో తెలియకపోయినా విన్నారు, ఫుట్‌బాల్ స్టేడియాల్లో జనం నోటితో పాడేది అదే, 2006 ప్రపంచకప్ గెలిచినప్పుడు ఇటలీవాళ్లు వీధుల్లో పాడిందీ అదే. అందరూ బేస్ గిటార్ అనుకుంటారు. ఆ బ్యాండ్‌లో బేస్ వాయించే మనిషే లేడు, డ్రమ్స్ మీద మెగ్ వైట్, మిగతాదంతా జాక్. ఒక పెట్టె, ముగ్గురు మనుషులు, మూడు గొంతులు. కొత్తదనం పెడల్లో ఉంటే ముగ్గురూ ఒకేలా వినబడాలి కదా?

గ్రీన్‌వుడ్ గురించి ఇంకో మాట. రేడియోహెడ్ 'క్రీప్' పాటలో కోరస్ ముందు గిటార్ మీద రెండు దెబ్బలు పడతాయి, తుపాకీ గుర్రం లాగినట్టు. పాట మరీ మెత్తగా, చప్పుడు లేకుండా ఉందని నచ్చక దాన్ని చెడగొట్టాలనే అలా కొట్టాడట, చివరికి జనానికి గుర్తుండిపోయింది ఆ రెండు దెబ్బలే. అదే మనిషి తర్వాత సినిమాలకు ఆర్కెస్ట్రా సంగీతం రాశాడు. జోధ్‌పూర్ మెహ్రాన్‌గఢ్ కోటలో రాజస్థానీ కళాకారులతో, ఇజ్రాయెలీ సంగీతకారుడు షాయ్ బెన్ జుర్‌తో కలిసి రికార్డు చేసిన 'జునూన్' ఆల్బమ్ 2015లో వచ్చింది. అందులో ఆయన ముందుకు రాడు, ఖవ్వాలీ పాడేవాళ్ల వెనక, బ్యాండుమేళం వెనక కూర్చుని అవసరమైన చోట మాత్రమే వాయిస్తాడు. గిటారిస్టు అంటే స్టేజీ మధ్యలో నిలబడి పది నిమిషాలు సోలో వాయించాలనే పాత లెక్కకు ఇది పూర్తిగా వేరు, నాకు ఇదే ఎక్కువ నచ్చుతుంది.

రెడ్ హాట్ చిలీ పెప్పర్స్ బ్యాండ్ జాన్ ఫ్రుషాంటే, స్మిత్స్ బ్యాండ్ జానీ మార్, సెయింట్ విన్సెంట్ పేరుతో పాడే యానీ క్లార్క్, వీళ్లలో ఒక్కొక్కరికీ ఒక్కో ఉత్తరం రాయొచ్చు. క్లార్క్ పేరు మాత్రం తప్పకుండా చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి జాబితాల్లో ఆడవాళ్లు చాలా తక్కువ. ఆమె డిజైన్ చేసిన గిటార్ 2016లో మార్కెట్లోకి వచ్చింది, సన్నగా, తేలిగ్గా ఉంటుంది. మన దేశంలోనే కొచ్చి బ్యాండ్ మదర్‌జేన్‌లో బైజు ధర్మజన్ ఎలక్ట్రిక్ గిటార్ మీద కర్ణాటక గమకాలు పలికించాడు, వాళ్ల 'మక్తూబ్' ఆల్బమ్ 2008లో వచ్చింది, వినండి.

ఈ కొత్త శబ్దాలు మన చెవులకు ఎక్కవు అంటారేమో. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ ఏం చేశారు? జంట తీగలు తీసేసి ఒంటి తీగలు ఐదు పెట్టుకుని, కరెంటు పెట్టి, ఎవరూ ఊహించని వాద్యం మీద త్యాగరాజ కృతులు వాయించారు. ప్రసిద్ధ జాజ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ పక్కన కూర్చుని వాయించారు. ఆయన్ని నెత్తిన పెట్టుకున్న మనకు మొరెల్లో స్విచ్ ఎందుకు ఎక్కదు?

కాబట్టి నా మనవి, 1980 తర్వాత వచ్చినవాళ్ల మీద ఇంకో వ్యాసం వేయండి. అందరికీ చోటు చాలకపోతే థాయిల్, మొరెల్లో ఇద్దరి గురించి వేసినా సరే. పక్కన వినాల్సిన నాలుగు పాటల పేర్లు కూడా ఇవ్వండి, చదివినవాళ్లు వెంటనే ఫోన్లో వెతుక్కుంటారు.

ఇట్లు,
మీ పాఠకుడు,
విజయవాడ