విదేశీ రగ్బీ ఆటగాడి కాంట్రాక్టు గురించి కూడా రాయండి

సంపాదకుల వారికి,

నమస్కారం. 2025 జూన్‌లో ముంబైలో రగ్బీ ప్రీమియర్ లీగ్ మొదలై, ఆరు జట్లలో ఒకటిగా హైదరాబాద్ హీరోస్ బరిలోకి దిగినప్పటి నుంచి మన క్రీడా పుటల్లో ఈ ఆటకు కాస్త చోటు దొరుకుతోంది. చాలాకాలం వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసిన నాకు అది సంతోషించదగ్గ విషయమే. అయితే ఆ రాతల్లో ఎక్కువ భాగం, విదేశీ క్లబ్బుల్లో ఆడితే బాగా డబ్బు వస్తుందన్న మాట దగ్గరే ఆగిపోతున్నాయి. అవి చదివి పిల్లవాణ్ణి ఎక్కడ చేర్పించమంటారని అడిగే తల్లిదండ్రులు ఉన్నారు కనుక, ఆ డబ్బు ఏ షరతుల మీద వస్తుందో కూడా పాఠకులకు తెలియడం అవసరమని ఈ లేఖ రాస్తున్నాను.

పదిహేనేసి మంది ఆడే ‘రగ్బీ యూనియన్’ అనే రకం ఆటలో జీతం తీసుకుని ఆడవచ్చునని అంతర్జాతీయ రగ్బీ బోర్డు ఒప్పుకున్నది 1995 ఆగస్టులో మాత్రమే. ఆ తరువాత డబ్బంతా ఫ్రాన్స్, ఇంగ్లండ్, జపాన్ క్లబ్బుల చుట్టూ చేరింది. ఇంగ్లండ్‌కు ప్రపంచ కప్పు తెచ్చిన జానీ విల్కిన్సన్ 2009లో ఫ్రాన్స్‌లోని తూలాన్ క్లబ్బుకు వెళ్లి, రెండు యూరప్ కప్పులూ ఒక ఫ్రెంచ్ టైటిలూ గెలిచి 2014లో సగౌరవంగా ఆట ముగించాడు. పత్రికలకు కనిపించేది ఇలాంటి వారే. అదే లీగుల్లో ఫిజీ, సమోవా, టోంగా దీవుల నుంచి వచ్చి ఆడుతున్నవారి లెక్క వేరు. ఫ్రాన్స్‌లో ‘మెడికల్ జోకర్’ అనే కాంట్రాక్టు ఒకటుంది. జట్టులో ఒకరు గాయపడితే, అతను కోలుకునేదాకా ఆ స్థానంలో ఆడేందుకు మరొకరిని తెచ్చుకునే ఏర్పాటు అది. గాయపడినవాడు తిరిగి వచ్చాడంటే వీడి పని అయిపోయినట్టే. ఇంటి దగ్గర ఓ పెద్ద కుటుంబం తన సంపాదన మీద ఆధారపడి ఉన్న కుర్రవాడు ఆ కొద్ది నెలల్లో నొప్పి ఉన్నా చెబుతాడా? తలకు దెబ్బ తగిలిందన్న అనుమానం వస్తే మైదానం బయటికి పంపి పరీక్షించే పద్ధతి ఇప్పుడు ఉన్నమాట నిజమే. కానీ కాంట్రాక్టే దెబ్బను దాచమని చెబుతుంటే ఆ పద్ధతి ఎంతవరకు కాపాడుతుందన్నది నా సందేహం.

పెద్ద ఆటగాళ్లనూ ఈ దెబ్బలు వదలలేదు. న్యూజిలాండ్ తరఫున 45 టెస్టులు (రగ్బీలో దేశాల మధ్య మ్యాచ్‌లను అలా అంటారు) ఆడిన కార్ల్ హేమన్ మొదట ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్, తరువాత తూలాన్ క్లబ్బులకు మంచి జీతం మీద ఆడాడు. అతనిది మూడో నంబరు చొక్కా. అంటే రెండు జట్ల వాళ్లూ వంగి, ఒకరినొకరు పట్టుకుని బంతి కోసం తోసుకునే ‘స్క్రమ్‌’లో ఎదుటి ఎనిమిది మంది తోపును మెడతోనూ భుజాలతోనూ మోసే మొదటి వరస స్థానం. 41 ఏళ్ల వయసులో, 2021లో, డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి క్షీణించే జబ్బు) మొదలైందని వైద్యులు అతనికి చెప్పారు. ఇంగ్లండ్ ఆటగాడు స్టీవ్ థాంప్సన్‌ది కూడా ఇదే జబ్బు. 2003 ప్రపంచ కప్పు ఫైనల్ తాను ఆడిన సంగతే తనకు గుర్తు లేదని ఆయనే స్వయంగా చెప్పుకున్నారు. ఇటువంటి జబ్బు బయటపడేది ఆట మానేసిన ఎన్నో ఏళ్లకు. అప్పటికి కాంట్రాక్టు ముగిసిపోయి ఉంటుంది, ఆటగాడు స్వదేశంలో ఉంటాడు, క్లబ్బు మరో దేశంలో ఉంటుంది.

ఆ క్లబ్బయినా నిలుస్తుందన్న భరోసా లేదు. ఇంగ్లండ్‌లో వూస్టర్, వాస్ప్స్ క్లబ్బులు 2022లో కొద్ది వారాల తేడాతో దివాలా తీశాయి. మరుసటి ఏడాది లండన్ ఐరిష్ కూడా మూతపడింది. వూస్టర్ ఆటగాళ్ల కాంట్రాక్టులు సీజన్ నడుస్తుండగానే కోర్టు ఉత్తర్వుతో రద్దయిపోయాయి. విదేశీ ఆటగాడికైతే జీతంతో పాటు ఆ క్లబ్బు స్పాన్సర్ చేసిన వీసా కూడా చిక్కులో పడుతుంది. హెచ్1బీ మీద అమెరికా వెళ్లి ఉద్యోగం పోగొట్టుకున్న పిల్లలున్న ఇళ్లలో ఈ ఆందోళన ఎలా ఉంటుందో మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

దేశం తరఫున ఆడే విషయానికి వస్తే, అంతర్జాతీయ మ్యాచ్‌ల కాలంలో క్లబ్బులు ఆటగాళ్లను విడిచిపెట్టి తీరాలని ప్రపంచ రగ్బీ నిబంధన ఉంది. అయినా దేశం పిలుపును పక్కన పెట్టమని దీవుల ఆటగాళ్లపై లోపాయికారీగా ఒత్తిడి వస్తోందని, సమోవాకు ఆడిన డాన్ లియో వంటివారు ఏళ్ల తరబడి చెబుతున్నారు. దీనికి ఫిజీ వెతుక్కున్న మార్గం నాకు నచ్చింది. 2022లో ఫిజీకి చెందిన ఫిజియన్ ద్రువా జట్టు, న్యూజిలాండ్, ఆస్ట్రేలియా జట్లు ఆడే సూపర్ రగ్బీ లీగులో చేరడంతో, మంచి ఆటగాళ్లు సొంత గడ్డ మీదే ఉండి జీతానికి ఆడే వీలు కలిగింది. 2023 ప్రపంచ కప్పులో ఫిజీ 22-15తో ఆస్ట్రేలియాను ఓడించింది. టెస్టుల్లో 1954 తరువాత ఆస్ట్రేలియాపై వారికి అదే తొలి గెలుపు. 2023 నాటి ఆ జట్టులో ద్రువా ఆటగాళ్లు చాలామంది ఉన్నారు. యూరప్ క్లబ్బుల్లో రాటుదేలిన వారూ ఉన్నారు కాబట్టి, విదేశాలకు వెళ్లవద్దని నేను అనడం లేదు.

ఇప్పుడు మన దగ్గర ఆ పాత్ర తిరగబడింది. మన లీగుకు విదేశీ ఆటగాళ్లు వస్తున్నారు. వారికి యజమానులం మనమే. ఇది ఏడుగురు ఆడే పొట్టి ఆట, మొదటి సీజన్ పట్టుమని పక్షం రోజులు. అంత చిన్న కాంట్రాక్టులో గాయపడిన విదేశీ ఆటగాడు ఇంటికి వెళ్లాక వైద్యం ఖర్చు ఎవరిది? అతని పక్కనే ఆడే ఒడిశా కుర్రాడికో బెంగాల్ కుర్రాడికో బీమా ఎంత, ఎన్నాళ్లు? తల పరీక్షలు సీజన్‌కు ముందు చేస్తున్నారా? ఈ షరతులు ఇప్పటికే ఉంటే భారత రగ్బీ సమాఖ్య, ఫ్రాంచైజీ యజమానులు వాటిని అందరికీ తెలిసేలా ప్రకటించాలి. లేకపోతే వచ్చే సీజన్ వేలానికి ముందే రాసుకోవాలి. మీ విలేకరులు ఆటగాళ్లను ఇంటర్వ్యూ చేసేటప్పుడు ఎంతకు కొన్నారన్న ప్రశ్నతో పాటు ఈ మూడు ప్రశ్నలూ అడిగి, వచ్చిన జవాబులను అదే పుటలో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు,
హనుమకొండ