ఎదురిల్లు ఫోటోలో పడలేదు

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ జిల్లా పేజీలో చినవాల్తేరులో కొత్తగా లేచిన ఐదంతస్తుల అద్దాల భవనం ఫోటో వేశారు. నాలుగు కాలమ్‌ల వెడల్పు, రంగుల్లో. నగరానికి కొత్త శోభ అన్నట్టు కింద ఒక వాక్యం. తీసిన కుర్రాడెవరో గాని పనిమంతుడే. పొద్దున ఏడు లోపు, సముద్రం వైపున్న ఏ మేడ మీదకో ఎక్కి తీశాడు. అద్దాల నిండా మబ్బులు, ఒక మూల కెరటాల తెల్లటి గీత. నలభై ఏళ్లు పెళ్లిళ్లకీ పాస్‌పోర్టులకీ కెమెరా పట్టి, స్టూడియో మూసేసి ఇంట్లో కూర్చున్నవాణ్ని. మంచి ఫోటోని మంచి ఫోటో అనడానికి నాకేం అడ్డు లేదు.

కానీ ఆ భవనానికి ఇంకో ముఖం ఉంది. మీరు వేసింది సముద్రాన్ని చూసేది. వీధిని చూసేది మీ పేపర్లో రాలేదు. బిల్డరు పెట్టిన హోర్డింగులోనూ రాలేదనుకోండి. దాని మీద భవనం చుట్టూ పచ్చగడ్డి, పేరు తెలియని రెండు చెట్లు, కోటు వేసుకుని నడిచే మనుషులు ఉన్నారు. ఇక్కడ నిజంగా ఉన్న కొబ్బరిచెట్టు, ట్రాన్స్‌ఫార్మరు, ఇస్త్రీ బండి మాత్రం లేవు. వైశాఖంలో విశాఖపట్నంలో కోటు వేసుకుని ఎవరు నడుస్తారో నాకైతే తెలీదు.

వీధికి ఇవతల, సరిగ్గా ఎదురుగా, తూర్పు ముఖం పెంకుటిల్లు ఒకటుంది. అందులో ఉండే పిన్నిగారు నాకు వరసకేమీ కారు. మా అమ్మా ఆవిడా ఒకే కుళాయి దగ్గర బిందెలు పెట్టుకునేవారు కాబట్టి పిన్నిగారు. ఏప్రిల్లో ఒక సాయంత్రం అటు వెళ్తుంటే కేకేసి, వసారాలో కూర్చోబెట్టి అడిగారు: "ఏటి నాయనా, సూర్యుడు తూరుపున దిగుతున్నాడేటి?"

నిజంగానే దిగుతున్నాడు. నాలుగింటికి పడమట ఉన్న ఎండ ఇంటి కప్పు మీదుగా పోయి, ఎదుటి భవనం మూడో అంతస్తు అద్దాలకు తగిలి, వచ్చిన దారినే వెనక్కి వాలి, నేరుగా ఆవిడ వసారాలో, పడక్కుర్చీ మీద పడుతోంది. ఆ వసారా కట్టినవాడు పడమటి ఎండకి వెరచి తూర్పుకి తిప్పి కట్టాడు పాపం. ఇక పొద్దున్న సంగతి చెప్పక్కర్లేదు. ఆ ఐదంతస్తులు దాటి ఎండ రావాలంటే తొమ్మిదిన్నర అవుతుంది. రావాల్సినప్పుడు రాదు, రాకూడని వైపు నుంచి వస్తుంది. చూరుకు పాత దుప్పటి ఒకటి కట్టుకున్నారు. "ఒకందుకు మేలే, వడియాలు రెండు పూటలా ఎండుతున్నాయి" అని నవ్వారు కూడా. ఆవిడ నవ్వినా నాకు నవ్వు రాలేదు.

మర్నాడే కెమెరా తీశాను. అద్దాల భవనాన్ని ఫోటో తీయడమంటే భవనాన్ని తీయడం కాదని నాకప్పుడు తెలిసింది. ఎంత సేపు చూసినా అందులో ఉన్నది ఎదురిల్లే. మెరుపు పూత పూసిన పై అంతస్తుల్లో కొబ్బరిచెట్టు తల, కింది షోరూమ్ గాజులో పిన్నిగారి వసారా, దుప్పటి, గేటు దగ్గర తులసికోట. అద్దం మీద ఫోకస్ పెడితే ఇల్లు మసకబారుతుంది. ఇల్లు అద్దానికి ఇవతల ఎంత దూరంలో ఉందో, అద్దం లోపల కూడా అంతే దూరంలో ఉన్నట్టు లెన్స్‌కి కనబడుతుంది మరి. దుప్పటి అంచు మీద ఫోకస్ పెట్టుకుని, వెలుగు లోపలికి వచ్చే కన్నాన్ని, అంటే అపర్చర్‌ని, పదకొండుకు బిగించి తీశాను.

ప్రింట్ వేయించి భూతద్దం పెట్టి చూస్తే ఇంకో విచిత్రం. పెంకుల వరసలు తిన్నగా లేవు, నీళ్లలో నీడలాగా వంకరలు పోతున్నాయి. కొబ్బరిచెట్టు మాను పలకకీ పలకకీ మధ్య విరిగి పక్కకు జరిగింది. లెన్స్ పాడైందేమోనని కాసేపు టెన్షన్ పడ్డాను. లెన్స్ తప్పు కాదు. ఈ గాజుని గట్టిపరచడానికి కొలిమిలో 600 డిగ్రీలు దాటేలా కాలుస్తూ రోలర్ల మీద నడిపిస్తారు. ఆ మెత్తదనంలో దాని ఒంటి మీద సన్నటి అలలు మిగిలిపోతాయి. మబ్బులు పడితే ఈ అలలు తెలియవు. మబ్బుకి తిన్నటి గీత ఉండదు కదా. పెంకుటిల్లు పడితేనే దొరికిపోతాయి.

ఇప్పుడు మా వృత్తి గుట్టు ఒకటి చెబుతాను. పోలరైజర్ అని ఒక ఫిల్టరు, లెన్స్ ముందు బిగిస్తారు, దానికో తిరిగే రింగు ఉంటుంది. గాజుకి ఎదురుగా నిలబడితే దానివల్ల ఒరిగేదేమీ లేదు. పక్కకు జరిగి, గాజుతో ముప్ఫై, ముప్ఫై ఐదు డిగ్రీల కోణంలో ఏటవాలుగా నిలబడి రింగు తిప్పితే మామూలు గాజు మీది నీడ, అంటే ప్రతిబింబం, దాదాపు మొత్తం పోతుంది. పూత పూసిన గాజు మీద అంతగా పోదు, పలచబడుతుంది. షోరూమ్ పక్కన అలా నిలబడి తిప్పి చూశాను. తులసికోట పోయింది, దుప్పటి పోయింది, వసారా పోయింది. వాటి చోట సోఫాలు, ధరల చీటీలు వచ్చాయి. వెనక్కి తిప్పితే మళ్లీ వసారా. పావు చుట్టు తిప్పితే చాలు, డెబ్బై ఏళ్ల ఇల్లు ఉంటుంది, ఉండదు. షోరూముల వాళ్లకి నేనే ఎన్నోసార్లు ఇలా తీసిచ్చి డబ్బులు తీసుకున్నాను. వీధిలో వాళ్ల నీడ పడితే "చెత్త పడింది, తీసేయండి" అనేవారు. తీసేసేవాణ్ని.

రెండోరోజు ట్రైపాడ్ పెట్టగానే సెక్యూరిటీ కుర్రాడు పరిగెత్తుకొచ్చాడు. పర్మిషన్ ఉందా అన్నాడు. ఫుట్‌పాత్ మీద ఉన్నాను బాబూ అన్నాను. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లోనే ఉంది, కట్టడాన్ని ఫోటో తీయడం, దాన్ని ప్రచురించడం ఉల్లంఘన కిందకు రాదని. నేవీ బోర్డు ఉన్నచోట నేను కెమెరా సంచిలోంచి కూడా తీయను, అది వేరే సంగతి, ఈ ఊళ్లో పుట్టినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. సోఫాల కొట్టుకి ఏం రహస్యం? అయినా ఆ కుర్రాడు "బాబాయ్, సీసీ కెమెరాలో చూసి నన్ను తిడతారు" అన్నాక చట్టం మాట్లాడబుద్ధి కాలేదు. రోడ్డు దాటి పిన్నిగారి గేటులో పెట్టుకున్నాను ట్రైపాడ్. తీరా చూస్తే అక్కడినుంచే బాగా వచ్చింది.

మా అమ్మాయి బోస్టన్‌లో ఉంటుంది. వెళ్లినప్పుడు అక్కడ కాప్లీ స్క్వేర్ అనే చౌరస్తాలో రెండు పూటలు నిలబడ్డాను. 1877 నాటి ట్రినిటీ చర్చి, దాని పక్కనే 1976లో పూర్తయిన 60 అంతస్తుల హాన్‌కాక్ టవరు, మొత్తం అద్దమే. ఆర్కిటెక్టు హెన్రీ కాబ్. టవరుని చౌరస్తాకి అడ్డంగా కాకుండా ఏటవాలుగా తిప్పి, సన్నటి అంచు ఇటు కనబడేలా నిలబెట్టాడు. చర్చి ఆ అద్దంలో పడుతుంది. అక్కడికొచ్చే ఫోటోగ్రాఫర్లు చాలామంది ఆ నీడ కోసమే చూస్తారు. అలాగని అది సాధు జంతువేం కాదు. పునాదులు తవ్వుతుంటే చర్చి గోడలు దెబ్బతిన్నాయి, చర్చి వాళ్లు కోర్టుకెళ్లి పరిహారం రాబట్టుకున్నారు. 1973లో ఈదురుగాలికి పలకలు ఊడి వీధిలో పడ్డాయి. వాటి చోట ప్లైవుడ్ కొట్టారు, చివరికి 10 వేలకు పైగా ఉన్న పలకలన్నీ మార్చాల్సి వచ్చింది. అయినా పక్కింటిని చూసుకుని నిలబడాలన్న ఆలోచన గీసినవాడికి ఉంది, అది ఫోటోలో తెలుస్తుంది.

ప్లైవుడ్ అంటే మనకి వేరే చెప్పాలా? 2014 అక్టోబరు 12, హుద్‌హుద్ తుపాను. మర్నాడు కెమెరా పట్టుకుని సిరిపురం నుంచి బీచ్ రోడ్డు దాకా నడిచాను. ఎలివేషన్ అద్దాలు, అంటే భవనాల ముందు వైపు అద్దాలు, రాలిపోయి, లోపలి స్తంభాలు, వేలాడే ఫాల్స్ సీలింగు, తడిసిన ఫైళ్లు అన్నీ బయటపడ్డాయి. కాలి కింద గాజు పెంకులు కరకరలాడాయి. ఆ రోజు తీసినవాటిలో నాకు మిగిలింది ఒకే ఫోటో. ఒక ఆఫీసు రెండో అంతస్తు, గోడ లేదు, అంచున కుర్చీ, కుర్చీ వెనక్కి ఆరేసినట్టు ఎవరిదో తువ్వాలు. చాలా చోట్ల మళ్లీ అద్దాలే పెట్టారు. ఉప్పుగాలికి వారం తిరగకుండా తెల్లటి పొర కడుతుంది, తాళ్లకు వేలాడుతూ కుర్రాళ్లు తుడుస్తుంటారు. ఆ కుర్రాళ్లు కూడా మీ ఫోటోల్లో పడరు.

అద్దాలే వద్దనే ఛాందసుణ్ని కాను. పొద్దు గుంకిన పావుగంటకి, ఆకాశం ఇంకా నీలంగా ఉండగానే లోపల లైట్లు వెలిగినప్పుడు ఈ భవనమే చూడముచ్చటగా ఉంటుంది. పగలంతా వీధిని చూపించినది, ఆ పదిహేను నిమిషాలూ తనని చూపిస్తుంది. నాలుగో అంతస్తులో ఒకాయన రోజూ ఆ వేళకి టిఫిన్ డబ్బా విప్పుకుంటాడు. ఆ ఫోటో కూడా పంపుతున్నాను.

నేను అడిగేది చిన్నది. కొత్త భవనం ఫోటో వేసినప్పుడు పక్కనే ఇంకొకటి వేయండి. ఎదుటి ఫుట్‌పాత్ మీద, మనిషి కళ్ల ఎత్తులో కెమెరా పెట్టి తీసింది. భవనం పైకి వెళ్లేకొద్దీ వెనక్కి వాలినట్టు వస్తే రానివ్వండి, వీధిలో నడిచేవాడికి అలాగే కనబడుతుంది. తీసిన టైము కింద రాయండి, పొద్దున ఏడా, సాయంత్రం నాలుగా అని. ఎలివేషన్ ఒక్కటీ కావాలంటే ఎలాగూ బిల్డరే పంపిస్తాడు, దానికి మీ కుర్రాణ్ని మేడలెక్కించడం ఎందుకు?

ఈ ఉత్తరంతో మూడు ప్రింట్లు జత చేశాను, వెనకాల టైములు రాశాను. వేస్తారో లేదో మీ ఇష్టం. వేస్తే గనక ఎడమవైపు దుప్పటిని కత్తిరించకండి. పేపర్లో తన ఇల్లు వస్తుందని పిన్నిగారికి నోరు జారి చెప్పేశాను. రోజూ పొద్దున్నే పేపరబ్బాయిని ఆపి అడుగుతున్నారట.

ఇట్లు,
ఒక పాత స్టూడియో ఫోటోగ్రాఫర్,
చినవాల్తేరు, విశాఖపట్నం.